మెట్ల కింది ప్రాజెక్టు

మా ఇంట్లో ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషిన్ కొనాలా వద్దా అన్న విషయం ప్రస్తుతం పరిశీలనలో ఉంది. పరిశీలన మొదలై పది నెలలైంది. దీన్ని ఆలస్యం అనేవాళ్లు గోదావరి నీళ్లు తాగినవాళ్లు కారని నా ఉద్దేశం. ఎగువన పోలవరం దగ్గర నలభై ఏళ్ల కిందటే ఒక శంకుస్థాపన రాయి వేశారు. 2004లో మళ్లీ కదిలించారు. 2014లో జాతీయ ప్రాజెక్టు అన్నారు. మేం ఇప్పటికీ కాలవ గట్టు మీద నిలబడి ఎగువకే చూస్తున్నాం. అంత ఓపికున్న జనానికి ముప్పై వేల పైచిలుకు వస్తువు గురించి పది నెలలు ఆలోచించడం ఒక లెక్కా?

ప్రాజెక్టన్నాక కమిటీ ఉండాలి. మా కమిటీకి అధ్యక్షులు మా నాన్నగారు. సభ్యులు మా బాబాయి, భీమవరం నుంచి ఫోన్లో మా బావగారు. కార్యదర్శిని నేను. ఈ నలుగురిలో ఏ ఒక్కరూ తన తువ్వాలు తను పిండుకున్న దాఖలా లేదు. నిష్పాక్షికత అంటే అదీ. ఉతికేవాళ్లని కమిటీలో వేస్తే స్వప్రయోజనం అడ్డొస్తుందని మా అమ్మనీ మా ఆవిడనీ మర్యాదగా పక్కన పెట్టాం. టీలు మాత్రం వాళ్లే పంపేవారు.

మొదటి సమావేశంలో నీటి లభ్యత చర్చకొచ్చింది. పైనుంచి బట్టలు వేసే మెషిన్లో తొట్టి నిండితేగానీ బట్ట మునగదు, దానికి వంద లీటర్ల పైమాటే అవుతుంది. ముందునుంచి వేసేదాంట్లో డ్రమ్ము అడ్డంగా పడుకుని తిరుగుతుంది. అడుగున కాసిని నీళ్లుంటే చాలు, బట్టల్ని పైకి ఎత్తి కింద పడేస్తూ ఉతుకుతుంది కాబట్టి దాదాపు సగంతో సరిపెట్టేస్తుంది. నేనిది చదివి వినిపించగానే బాబాయి నవ్వాడు.

"వశిష్ఠ, వైనతేయ పాయల మధ్య ఇల్లు కట్టుకుని నీళ్లు పొదుపు చేస్తావుట్రా? చేపకి గొడుగు కొన్నట్టుంది."

సభ్యుడి అభిప్రాయాన్ని మినిట్స్‌లో రాశాను. అయితే బాబాయి మాట జూన్ నుంచి మార్చి దాకానే చెల్లుతుంది. వేసవిలో మరమ్మతులకని కాలవలు కట్టేస్తారు. ఊరి మంచినీళ్ల చెరువు అంతకుముందే నింపుకుని, ఆ నీళ్లని ఇంట్లో కుర్రాడి పాకెట్ మనీలాగా లెక్కపెట్టుకుంటూ వాడుకోవాలి. ఆ రోజుల్లో పంచాయతీ కుళాయి ఎప్పుడొస్తుందో మా అమ్మకి తప్ప ఎవరికీ తెలియదు. ఆమె కమిటీలో లేదు.

రెండో అంశం ఒత్తిడి. మెషిన్లోకి నీళ్లు తగినంత ఒత్తిడితో రావాలి. కొన్ని కంపెనీల పుస్తకాల్లో కనీసం 0.3 బార్ అని ఉంటుంది, కొన్నిటిలో 1 బార్ అని ఉంటుంది. బార్ అంటే బాబాయి అనుకున్నది కాదని నచ్చజెప్పడానికే ఒక సమావేశం పట్టింది. 0.3 బార్ అంటే ట్యాంకులో నీటిమట్టం మెషిన్ కుళాయికి సుమారు 3 మీటర్ల ఎత్తున ఉండాలి. 1 బార్ అంటే 10 మీటర్లు. అంత ఎత్తు మా ఆవరణలో కొబ్బరిచెట్టు మొవ్వుకి తప్ప దేనికీ లేదు. ట్యాంకు అక్కడ పెడితే దింపు తీసే రోజున కడిగించుకోవచ్చు కూడా అని నాన్నగారు సూచించారు. ఆయన ఎటకారంగా అన్నారో నిజంగా అన్నారో మా ఇంట్లో ఎవరికీ ఎప్పుడూ తెలీదు.

నులకతాడుకి ఇటికముక్క కట్టి దాబా మీంచి కిందికి వదిలాను. మా బాబాయి మెట్ల కింద గొంతుక్కూచుని, మెషిన్ కుళాయి ఎక్కడొస్తుందో అక్కడ బొటనవేలు పెట్టి పట్టుకున్నాడు. ఇటికముక్క ఆయన వేలుకే తగిలింది, అది వేరే సంగతి. తాడు కొలిస్తే ట్యాంకు అడుగు నుంచి 8 అడుగులు తేలింది. ట్యాంకు ఎత్తు 4 అడుగులు. అంటే ట్యాంకు సగానికి పైన ఉంటే ప్రాజెక్టు సాధ్యం, సగం దాటి దిగితే అసాధ్యం. పైగా ఒకే గొట్టం మీద ముందు వంటిల్లు, తర్వాత స్నానాలగది, చివర మెట్ల కింద మన మెషిన్. శివారు ఆయకట్టు అన్నమాట. ఎగువన మా అమ్మ బియ్యం కడగడానికి కుళాయి తిప్పితే దిగువన చుక్క దిగదు. దాళ్వా పంటకి నీళ్లు చాలనప్పుడు ఇచ్చినట్టు వంతులవారీ పద్ధతి పెట్టాలని తీర్మానించాం. ప్లంబరు మాత్రం "చిన్న ప్రెషర్ పంపు పెట్టించేసుకోండి, గొడవొదిలిపోద్ది" అన్నాడు. అది ఎత్తిపోతల పథకం కిందికి వస్తుంది. మా నాన్నగారు పట్టిసీమ నాటి నుంచీ ఎత్తిపోతలకి వ్యతిరేకి.

ఆయన మనసు మారింది మాత్రం పంపు వల్ల కాదు. అమలాపురంలో ఒక కొట్లో మెషిన్ చూడ్డానికి తీసుకెళ్లాను. ఆయన కళ్లజోడు సవరించుకుని, ఆ గుండ్రటి మీటకి దగ్గరగా వంగి, చుట్టూ రాసినవన్నీ ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ చదివారు. ఒకచోట ఆగిపోయారు. మెల్లిగా చెప్పులు విడిచారు.

"ఒరేయ్, కాటన్ అని వేశారురా."

అది నూలుబట్టల మీట అని కుర్రసేల్స్‌మన్ చెప్పబోతే నేనే కళ్లతో వారించాను. 1847లో మొదలెట్టి 1852 కల్లా ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టేసిన మనిషి పేరది. మా వైపు ఊళ్లలో పంచె కట్టుకున్న దేవుళ్ల తర్వాత ప్యాంటు వేసుకున్న దేవుడు ఆయనే. స్నానం చేసేటప్పుడు ఆయన్ని భగీరథుడని తలుచుకునే శ్లోకం కూడా ఉంది. అలాంటి దొర పేరున్న వస్తువుకి నీళ్లు అందవని ఎవరంటారు? కాటన్ మీట నొక్కితే రెండు గంటల పైన, కొన్నిటిలో మూడు గంటలు పడుతుందని సేల్స్‌మన్ ఒప్పుకున్నాడు. "ఆయనకి అయిదేళ్లు పట్టింది, మూడు గంటలు ఆగలేమా" అన్నారు నాన్నగారు. కమిటీలో ఒక ఓటు అలా పడింది.

రెండో ఓటు మా బావగారి వల్ల పోయింది. ఆయన కిందటేడు కొన్నారు. బిగించడానికి వస్తామన్న మనిషి రాకముందే, చదువుకున్నవాళ్లం కదా అని, తనే గొట్టాలు తగిలించుకున్నారు. ఫ్రంట్ లోడ్ మెషిన్ రవాణాలో కుదుపులకి చెడకుండా వెనకవైపు బోల్టులతో డ్రమ్ముని కట్టేసి పంపుతారు. మొదటి వాడకానికి ముందే అవి విప్పాలి. ఆయన విప్పలేదు. నీళ్లు పట్టింది, ఉతికింది, చివర్లో నిమిషానికి వెయ్యిన్ని రెండొందల చుట్లు మొదలయ్యేసరికి మెషిన్ లేచి నడవడం మొదలెట్టింది. స్నానాలగది గడప దాటి, హాల్లోకొచ్చి, వైరు ఉన్నంత మేర దేవుడి గది వైపు సాగింది. మా అక్క హారతి పళ్లెం పట్టుకుని అక్కడే ఉంది. మన రాష్ట్రంలో పాదయాత్ర చేసినవాళ్లకి అధికారం రాకుండా ఉండదు, కాబట్టి ఆ ఇంట్లో ఇప్పుడు మెషిన్ చెప్పిందే చెల్లుతోంది. దాని పనయ్యేదాకా ఎవరూ స్నానం చేయరు. తలుపు తాళం పడ్డాక ఒక జేబురుమాలు మిగిలిపోయినా అది తర్వాతి విడతకే. కరెంటు పోతే సరేసరి, ఆయన పట్టుపంచె గాజు తలుపు వెనక బందీగా కనపడుతూ ఉంటుందిట.

ఉప్పునీళ్ల గురించి రాయకపోతే ఈ నివేదికకి విలువుండదు. సముద్రానికి దగ్గరయ్యే కొద్దీ మా బోరునీళ్లలో సబ్బు నురగ రాదు. ఆ నీళ్లు కాచిన సత్తుగిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది, కొబ్బరిపీచుకి లొంగదు. ఫ్రంట్ లోడ్ మెషిన్ కడుపులో నీళ్లు కాచే కడ్డీ ఒకటుంటుంది. దానికీ ఆ పెచ్చే పడుతుంది. అప్పుడప్పుడు దాన్ని కరిగించే పొడి వేసి ఖాళీగా తిప్పాలి. మరకల సంగతి సరేసరి. 1937లో అమెరికాలో బెండిక్స్ కంపెనీ ఇళ్లలో వాడుకునే ఇలాంటి మెషిన్ని బయటికి తెచ్చినప్పుడు అక్కడ ఎవరైనా అరటిగెల భుజాన మోసుకొచ్చి, ఆ జిగురంటిన చొక్కా అందులో వేసి చూశారా అని నా అనుమానం. చూసి ఉంటే కంపెనీ మూసేసేవారు.

భూసేకరణ కూడా జరిగింది. మెట్ల కింద రెండున్నర అడుగుల చోటు. నిర్వాసితులు: మా తాతగారి సైకిలు, కొబ్బరికాయల రాశి, చిల్లుపడిన ఇత్తడి గంగాళం, పిల్లి. పునరావాస ప్యాకేజీ లేనిదే సైకిలు కదలదని నాన్నగారు. పిల్లి మాత్రం ప్యాకేజీ తీసుకుని మళ్లీ వచ్చేసింది.

ఇక్కడో సాక్షి గురించి చెప్పాలి. మా వీధి చివరింటి అక్క పదకొండేళ్లు కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేసి వచ్చింది. కొడుకు చదువూ, కూతురి పెళ్లీ, మీద రేకు తీసేసి వేసిన స్లాబూ అన్నీ ఆ పదకొండేళ్లే. ఒకరోజు అరటాకుల కోసం వచ్చి, పెరటి గుమ్మంలో నిలబడి మా వాదన కాసేపు విని, తనే అందుకుంది.

"అదేవుంది తమ్ముడూ, ఉతికేక తలుపు బార్లా తీసి వదిలెయ్యాల. మూసేసేవనుకో, ఆ రబ్బరు మడతలో నీళ్లుండిపోయి బూజు పట్టేత్తాది, బట్టలన్నీ వాసనే. పొడి రెండు చెంచాలు చాలు, నురగ తక్కువొచ్చే రకం ఎయ్యాల. జేబుల్లో పిన్నీసులు చూసుకోవాల. డ్రమ్ము కుక్కేయకూడదు, చెయ్యి దూరేంత చోటుండాల. అంతే."

పది నెలల్లో మా సమావేశాల్లో వినపడిన పనికొచ్చే మాటలన్నీ కలిపినా ఇంత లేవు. అందువల్ల వాటిని రికార్డు చేయలేదు. అక్కకి డిగ్రీ లేదని కాదు, ఆమె మాటలో చర్చించడానికేమీ మిగల్లేదు. బాబాయి ఊరుకోక, "అక్కడి నీళ్లు వేరమ్మా, మనది ఉప్పునీళ్ల ప్రాంతం" అన్నాడు.

"అక్కడా సముద్రపు నీళ్లే బాబాయిగారండీ. ఉప్పు తీసేసి ఇత్తారు" అంది, ఆకులు చుట్టుకుంటూ.

తర్వాతి సమావేశం పదిహేను రోజులు వాయిదా పడింది.

మళ్లీ కలిసినప్పుడు బాబాయి వరద ముంపు అన్న కొత్త అంశంతో వచ్చాడు. మా పాత పెంకుటింటి గోడ మీద 1986 ఆగస్టు వరద గీసిన గీత ఇప్పటికీ ఉంది, నా మొలదాకా వస్తుంది. 2022 జులైలో లంకలన్నీ మునిగినప్పుడు మాకు వీధి మెట్టు దాకా వచ్చి పోయింది. వరదొస్తే టీవీ అటకెక్కుతుంది, బియ్యం బస్తా మంచమెక్కుతుంది. ఈ మెషిన్ మాత్రం అరవై కిలోల పైన తూగుతుంది. తిరిగేటప్పుడు ఎగిరిపడకుండా లోపల కాంక్రీటు దిమ్మలు పెడతారు మరి. సొమ్ము పోసి కాంక్రీటు కొనుక్కుని వరదలో దాన్ని మోయడం ఏమిటన్నాడు బాబాయి. నాన్నగారు దిమ్మలంటే కాలవని నది మీంచి దాటించే అక్విడక్టు అనుకుని ఇంకా ముచ్చటపడ్డారు. నిర్ణయం మళ్లీ వచ్చే సీజనుకి పోయింది.

తుది నివేదిక రాయడానికి నేను నిన్న పొద్దున అరుగు మీద కూర్చున్నాను. సెలవులకని వచ్చిన చుట్టాలు వెళ్లిన మర్నాడు. వెనకాల నూతి చప్టా మీద తెల్లారుజామున మొదలైన చప్పుడు ఆగకుండా వస్తోంది. దుప్పట్లు. మా ఆవిడ ఒక కొస, మా అమ్మ ఇంకో కొస పట్టుకుని ఎదురెదురుగా మెలితిప్పుతున్నారు. మా అమ్మ మధ్యలో ఆగి మణికట్టు పట్టుకుంది. నేను "నీటి వినియోగం, ముందుమాట" అని రాసి కింద గీత గీశాను.

చప్పుడాగింది. మా ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంటూ వచ్చింది.

"కార్యదర్శిగారూ, ఆ బకెట్లు కాస్త దాబా మీదికి చేరేస్తారా? అత్తయ్యగారికి నడుం పట్టేసింది."

ఎన్ని బకెట్లు అనడిగాను. నాలుగుట.

నాలుగింటినీ ఒకేసారి అనుకున్నాను, తర్వాత రెండు అనుకున్నాను, చివరికి ఒకటి పట్టుకుని బయల్దేరాను. చేత్తో పిండిన దుప్పటి ఎంత బరువుంటుందో మా నివేదికలో ఎక్కడా లేదు. మూడో మెట్టు దగ్గర చెయ్యి మార్చుకున్నాను. ఆరో మెట్టు దగ్గర పిడి వేళ్లలోకి దిగింది, నీళ్లు ధారగా కారి నా పంచె తడిసిపోయింది. ఏడో మెట్టు మీద బకెట్టు దించేశాను. కింద మెట్ల సందులోంచి పిల్లి తలెత్తి నా వంక చూసింది.

జేబులోంచి ఫోను తీసి అమలాపురం కొట్టుకి చేశాను.

"ఏవండీ, మొన్న చూసి వెళ్లామే, ఆ ఏడు కిలోల ఫ్రంట్ లోడు. ఇవాళ పంపించగలరా?"

"ఆయ్, తప్పకుండా పంపిస్తావండి," అన్నాడు కుర్రాడు. "చిన్న డౌటండి. మీ ట్యాంకు ఎంతెత్తులో ఉందండీ?"