పేరులేని పొడికి డబ్బు పంపకండి

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం నుంచి వచ్చి ఇక్కడ విదేశంలో స్థిరపడ్డవాళ్ళం మనలో చాలామందిమి ఉన్నాం. ఇంటికి ఫోన్ చేస్తే ఈ మధ్య తరచుగా వినిపించే మాట: "ఇంగ్లీషు మందులు మానేశాను, పొడి వాడుతున్నాను. రెండు రోజుల్లోనే వేళ్ళు ముడవగలుగుతున్నాను." కీళ్ళవాతంతో ఏళ్ళ తరబడి బాధపడ్డ పిన్నో, మేనత్తో అలా అంటే మనకీ సంతోషమే. నాకు మాత్రం భయం వేస్తుంది.

రుమటాయిడ్ కీళ్ళవాతం, లూపస్ లాంటి జబ్బుల్లో మన రోగనిరోధక శక్తే మన శరీరం మీదకు తిరగబడుతుంది. ఆకులూ వేర్లూ రెండు రోజుల్లో దాన్ని అణచడం అరుదు. స్టెరాయిడ్ అణిచేస్తుంది. లేబుల్ లేని పొడుల్లో స్టెరాయిడ్ కలిపి అమ్మడం మన దేశంలో పరీక్షల్లో ఎన్నోసార్లు బయటపడింది. నెలల తరబడి వాడితే ఎముకలు గుల్లబారతాయి, షుగర్ పెరుగుతుంది, ముఖం ఉబ్బుతుంది. అప్పటికి ఒంట్లో సహజంగా ఊరే స్టెరాయిడ్ తగ్గిపోయి ఉంటుంది. పొడి అయిపోయిందనో, అమ్మేవాడు ఊరు మారాడనో హఠాత్తుగా ఆపేస్తే బీపీ పడిపోయి ప్రాణం మీదకు వస్తుంది. అందుకే అలాంటి పొడి వాడుతున్నవాళ్ళకు "వెంటనే మానెయ్" అని చెప్పకండి. పొట్లంతో సహా డాక్టరు దగ్గరికి పంపండి.

అసలైన మూలికల విషయంలోనూ జాగ్రత్త అవసరం. తిప్పతీగ రోగనిరోధక శక్తిని పెంచుతుందంటారు. ఇక్కడ సమస్యే అది అదుపు తప్పడం కదా! కరోనా రోజుల్లో తిప్పతీగ వాడినవాళ్ళలో కాలేయం దెబ్బతిన్న కేసులను ముంబై వైద్యులు 2021లో ప్రచురించారు. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు. అయినా లూపస్ ఉన్నవాళ్ళ మీద ఆ ప్రయోగం ఎందుకు? అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్‌ను పెంచవచ్చు.

ఇక వీడియో కాల్‌లో చేసే ఎనర్జీ హీలింగ్, అంటే శక్తి పంపి జబ్బు తగ్గిస్తామనే వైద్యం. చేతులతో ఎదుటివాళ్ళ శక్తిని పసిగట్టగలమన్న 21 మందిని అమెరికాలో ఎమిలీ రోసా అనే చిన్నపిల్ల తెర వెనక నుంచి పరీక్షించింది. తన చెయ్యి వాళ్ళ ఏ చేతి దగ్గర ఉందో వాళ్ళు సరిగ్గా చెప్పింది 44 శాతమే. ఊరికే ఊహించి చెప్పినా సగం సరిపోతాయి. 1998లో అది వైద్య పత్రికలో వచ్చింది. ఎవరైనా ఆప్యాయంగా కూర్చుని మాట్లాడితే టెన్షన్ తగ్గుతుంది, నిద్ర పడుతుంది. దాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆ హాయిలో ఉండగానే కీలు లోపల అరిగిపోతుంటుంది, అరిగిన ఎముక తిరిగి రాదు.

మనవాళ్ళు అమాయకులై అటు వెళ్ళడం లేదు. కీళ్ళ స్పెషలిస్టు కోసం చాలామంది విశాఖ దాకా వెళ్ళాలి, ఒక రోజు కూలి పోతుంది. వెళ్తే డాక్టరు అయిదు నిమిషాల్లో పంపించేస్తాడు. పొడి ఇచ్చేవాడు ఊళ్ళోనే ఉంటాడు, తెలుగులో మాట్లాడతాడు, చెప్పిందంతా వింటాడు. లూపస్, కీళ్ళవాతం నయం చేస్తామని ప్రకటనలివ్వడాన్ని 1954 నాటి చట్టం నిషేధించింది. మంత్రాలు, తాయెత్తులు కూడా అందులోకి వస్తాయి. వాట్సాప్‌లో మాత్రం ఆ ప్రకటనలు ఆగడం లేదు, వాటిని ఇంటికి ఫార్వర్డ్ చేసేది మనమే.

హీలింగ్ ప్యాకేజీకి పంపే డాలర్లు విశాఖ ప్రయాణానికి, రక్త పరీక్షలకు పంపుదాం. డాక్టరు దగ్గర ఉన్నప్పుడు ఫోన్‌లో మనం కూడా ఉండి, చెప్పింది తెలుగులో విడమర్చి చెబుదాం. కీళ్ళవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ అనే మందు రాస్తే, వారానికి ఒక్క రోజే వేసుకోవాలని, ఆ రోజేదో క్యాలెండర్ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. రోజూ వేసుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు.