రెండు చేతులూ అడిగే యంత్రం

మనిషి స్వాతంత్ర్యం మీద జరుగుతున్న దాడుల గురించి పత్రికల్లో వ్యాసాలకు కొదవ లేదు. కాని కట్టెలు చీల్చే కరెంటు యంత్రం చేస్తున్న దాడి గురించి ఒక్క మేధావీ కలం కదపలేదు. ఆ లోటు తీర్చే బాధ్యతను నేనే నెత్తిన వేసుకుంటున్నాను.

ముందు యంత్రం సంగతి. అమెరికాలో శివారు ఇళ్ల గరాజుల్లో, గడ్డి కోసే మిషను పక్కన కనిపించే ఈ వస్తువు పేరు లాగ్ స్ప్లిటర్. ఇంట్లోని 120 వోల్టుల ప్లగ్గుకు తగిలిస్తే 15 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఒక చివర గొడ్డలి అంచులాంటి కదలని ఉక్కు మేకు, రెండో చివర హైడ్రాలిక్ నూనె ఒత్తిడితో ముందుకు జరిగే దిమ్మ. మధ్యలో దుంగను పడుకోబెడితే మోడలును బట్టి 4 నుంచి 7 టన్నుల బలంతో మేకు మీదికి తోస్తుంది. గొడ్డలికి ఉన్న ఆవేశం దీనికి లేదు. పింఛను కాగితం మీద సంతకం పెట్టే గుమస్తాలా నిదానంగా జరుగుతుంది. ఆ నిదానాన్ని చూసే జనం దాన్ని సాధుజంతువు అనుకుంటారు.

ఇంతవరకు నాకేమీ అభ్యంతరం లేదు. అభ్యంతరమంతా నడిపే పద్ధతి మీదే. ఒక చెయ్యి మోటారు స్విచ్చు మీద, ఇంకో చెయ్యి వాల్వు మీట మీద ఉంటేనే దిమ్మ కదులుతుంది. ఏ చెయ్యి తీసినా తోపు ఆగిపోతుంది. యూరప్ వాళ్లయితే ఈ రకం యంత్రాల భద్రత కోసం ఈఎన్ 609-1 అని ప్రత్యేకంగా ఒక ప్రమాణమే రాసుకున్నారు. అంటే, ఇంటి అప్పు కడుతున్న, గ్రీన్ కార్డు వరుసలో ఏళ్ల తరబడి ఓపికగా నిలబడిన పెద్దమనిషిని పట్టుకుని ఒక యంత్రం "నీ చేతులు రెండూ నాకు కనిపించాలి" అని గద్దిస్తోందన్నమాట. ఇది పోలీసులు దొంగతో మాట్లాడే తీరు.

అసలు మనవాళ్లకు ఈ యంత్రంతో ఏం పని అని మీరు అడగవచ్చు. 1999లో మొదలైన దీపం పథకంతో గ్యాసు సిలిండరు వచ్చాక కట్టెల పొయ్యికి ఒక దండం పెట్టి పెరట్లో పారేసిన ఇళ్లున్నాయి. ఆ ఇళ్ల పిల్లలే ఇప్పుడు న్యూజెర్సీలో, మిషిగన్‌లో నిప్పుగూడు (ఫైర్‌ప్లేస్) ఉన్న ఇల్లే కావాలని వెతికి మరీ కొంటున్నారు. ఒక గాలివానకు పెరట్లో ఓక్ చెట్టు కూలుతుంది. దాన్ని నరికి తీసుకుపోవడానికి మనుషులు అడిగే సొమ్ము వినగానే మనవాడిలో నిద్రపోతున్న రైతు లేచి కూర్చుంటాడు. రెండు రోజుల్లో యంత్రం గుమ్మం ముందు దిగుతుంది. వీడియో కాల్‌లో అది చూసిన తల్లి, "పొగకు నా కళ్లు పోయింది చాలదా, మళ్లీ కట్టెలేమిటిరా?" అంటుంది. "ఇవి వంటకు కాదమ్మా, చూడటానికి" అని కొడుకు వివరిస్తాడు. ఆవిడ ఇంకేమీ అడగదు.

ఇక నిర్బంధం మీద ప్రతిఘటన. స్విచ్చు మీద టేపు చుట్టడం, మీటకు తాడు బిగించడం వ్యక్తిగత స్థాయి పోరాటం. దీనితో ఒక చెయ్యి విముక్తి పొందుతుంది. విముక్తి పొందిన చెయ్యి బుద్ధిగా జేబులో కూర్చుంటే గొడవే లేదు. అది తిన్నగా దుంగ దగ్గరికే వెళుతుంది, కాస్త వంకరగా ఉంది సర్దుదామని. చీలుతున్న దుంగలో పగులు తెరుచుకుంటుంది, ఒక్కోసారి మళ్లీ మూసుకుంటుంది కూడా. ఇదంతా ముందే ఊహించి రెండు చేతులకూ పని కల్పించిన ఇంజనీరుకు మనవాడితో పాత పరిచయం ఉందేమో అనిపిస్తుంది.

రెండోది ఉమ్మడి కుటుంబ పద్ధతి. ఆరు నెలలు ఉండిపోదామని వచ్చిన మామగారికి మధ్యాహ్నాలు గడవడం లేదు. "అల్లుడుగారూ, మీరు మీట నొక్కండి, దుంగ నేను పట్టుకుంటాను" అంటారు. యంత్రంతో వచ్చిన పుస్తకం ఒక్కరే నడపాలి, రెండోవారు దూరంగా నిలబడాలి అని రాస్తుంది. పాశ్చాత్య వ్యక్తివాదం కదా, అలాగే రాస్తుంది. కాని ఇక్కడ శాస్త్రం కూడా ఆ పుస్తకం వైపే నిలబడటం మన దురదృష్టం. యంత్రానికి లెక్క రెండు దాకానే వచ్చు. స్విచ్చు మీద ఒకటి, మీట మీద ఒకటి, వెరసి రెండు చేతులు, అందరూ క్షేమం అనుకుని తోస్తుంది. మూడో చెయ్యి, నాలుగో చెయ్యి మామగారివని దానికి ఎవరూ పరిచయం చెయ్యలేదు. పైగా నొక్కేవాడి చేతులు భద్రంగా ఉన్నాయి కాబట్టి అతనికి భయం కూడా ఉండదు. "ఆగండి" అన్న కేక మోటారు మోత దాటి అల్లుడి చెవిన పడాలి, పడ్డాక అర్థం కావాలి, అర్థమయ్యాక చెయ్యి తియ్యాలి. ఈలోగా అత్తగారు యంత్రం మీదుగా కాఫీ అందిస్తుంటారు.

నిజానికి ఆ పెరట్లో కట్టె తెలిసిన మనిషి మామగారొక్కరే. దుంగను నార వెంట పడుకోబెట్టాలని, ముడి ఉన్న చోట మొండికేస్తుందని, కొసలు ఏటవాలుగా కోసి ఉంటే జారి ఎగురుతుందని గొడ్డలి పట్టిన కాలం నుంచీ ఆయనకు తెలుసు. అల్లుడు మాత్రం 20 అంగుళాలకు మించి పట్టని యంత్రంలో పొడుగు దుంగను అడ్డంగా ఇరికిస్తే సరిపోతుందని కనిపెడతాడు. నారకు అడ్డంగా నొక్కిన కట్టె చీలదు, పేలుతుంది. కళ్లద్దాలు పెట్టుకోమని పుస్తకం ఎందుకు బతిమాలుతుందో అప్పుడు తెలుస్తుంది.

ముడి తగిలి దిమ్మ ముందుకు కదలకపోతే అయిదు సెకన్లు దాటి నొక్కకూడదు. నూనె వేడెక్కుతుంది, పంపు పాడవుతుంది. మీట వదిలి, దుంగను పావు వంతు తిప్పి మళ్లీ పెట్టాలి. ఇదెక్కడి న్యాయం? సంబంధాలు చూసేటప్పుడు గాని, స్థలం తగాదాలో గాని అయిదు సెకన్లకే వెనక్కి తగ్గిన తెలుగువాణ్ని ఎవరైనా చూశారా?

ఆ తరువాత గాలి స్క్రూ. నూనె తొట్టి పక్కన చిన్న స్క్రూ ఒకటి ఉంటుంది. పని మొదలుపెట్టే ముందు దాన్ని రెండు మూడు చుట్లు వదులు చెయ్యాలి, తొట్టిలోకి గాలి వచ్చిపోవడానికి. పని అయ్యాక, యంత్రాన్ని కదిలించే ముందు బిగించాలి, నూనె కారిపోకుండా. వదులు చెయ్యకపోతే లోపల చిక్కుకున్న గాలి ఒత్తిడికి సీళ్లు చిరిగి యంత్రం మూలన పడుతుంది. వదులుగా ఉన్న స్క్రూ కనిపిస్తే బిగించడం మనకు సంస్కారం. దారిన పోయే బంధువు కూడా కారుతున్న కుళాయి కట్టేసినంత పుణ్యంగా దాన్ని బిగించి వెళతాడు.

ఎక్స్‌టెన్షన్ తీగ విషయంలో అమెరికావారు మనల్ని కావాలనే మోసం చేశారు. అక్కడ తీగ గేజి నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. 12 లావు, 16 సన్నం. ర్యాంకులు తప్ప ఇంకెక్కడా చిన్న అంకెను గౌరవించడం నేర్పని చదువు మనది. అందుకే 16 తగిలిస్తాడు, అదీ పండగ దీపాలకు కొన్నది, మూడు ముక్కలు కలిపినది. సన్నని, పొడుగాటి తీగలో వోల్టేజి పడిపోతుంది, మోటారు మూలుగుతుంది, తీగ వేడెక్కుతుంది. మనవాడు యంత్రానికి ఒక్క నక్షత్రం ఇచ్చి సమీక్ష రాస్తాడు.

దుంగ ఇరుక్కున్నప్పుడు ఏం చెయ్యాలో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చిన్నప్పుడు చదువుకున్నాం. వడ్రంగులు సగం చీల్చి మేకు దిగగొట్టి భోజనానికి వెళ్లారు, కోతి వచ్చి దూలం మీద కూర్చుని మేకు పీకింది. కట్టెలు చీల్చే పనిలో లోకమంతటికీ తెలిసిన తొలి ప్రమాదం అదే. పిల్లలకు ఆ కథలో కోతి తప్పే చెప్పారు. దుంగను అలా వదిలేసి భోజనానికి వెళ్లిన వడ్రంగులను ఇంతవరకు ఎవరూ విచారించలేదు. కనీసం వాళ్లు తీసేయవలసిన ప్లగ్గు అప్పట్లో లేదు. మనకు ఉంది, అయినా సాంబారు చల్లారుతుందని పిలుపు రాగానే ఇరుక్కున్న దుంగనూ, కరెంటునూ అక్కడే వదిలి, పెరట్లో ఆడుకుంటున్న పిల్లల నమ్మకం మీద లోపలికి వెళతాం. చేత్తో లాగడం, సుత్తితో బాదడం కోతి పద్ధతి. దిమ్మను వెనక్కి తెచ్చి, ఇరుక్కున్న దుంగ కింద వాలుగా కోసిన చెక్క పెట్టి, మళ్లీ మెల్లగా తోస్తే దుంగ పైకి లేచి వదులవుతుంది. ఇది పుస్తకం పద్ధతి. దీనికి కూడా రెండు చేతులూ మీటల మీదే ఉండాలట.

నిర్వహణ గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే ఎవరూ చెయ్యరు. చాలా యంత్రాలకు 150 గంటల పనికి ఒకసారి నూనె మార్చమంటారు. ఒక ఓక్ చెట్టుకు అన్ని గంటలు పట్టవు. కాబట్టి మనవాడి నూనె అతని మనవడు మారుస్తాడు. మేకు మొద్దుబారితే ఆకురాయితో నూరాలి. నూనె ఊరుతున్నట్టు అనిపిస్తే వేలితో తడమకూడదు, అట్టముక్క అడ్డుపెట్టి చూడాలి. ఆ ఒత్తిడిలో చిమ్మే నూనె చర్మంలోకి దూసుకుపోతే ఆపరేషను దాకా వెళుతుంది. ఆశ్చర్యం ఏమిటంటే, ఆర్డరు వచ్చిన అట్టపెట్టె మొత్తం ఇంట్లోనే ఉంటుంది. వస్తువు తిరిగి పంపాలంటే కావాలి కదా, ముక్క కొయ్యనివ్వరు.

ఇంతా చేసి పేళ్లన్నీ గోడవారగా పేర్చాక తెలిసే విషయం ఇంకొకటి ఉంది. పచ్చి కట్టె మండదు, పొగ చిమ్ముతుంది. తేమ 20 శాతం లోపుకు రావాలంటే మెత్తని కర్రకు ఆరు నెలలు, ఓక్‌కు ఏడాది పైనే ఆరాలి. పోనీ వేరే ఊళ్లో ఉన్న తమ్ముడికి కారులో వేసి పంపుదామంటే, 2002లో మిషిగన్‌లో బయటపడ్డ ఆకుపచ్చ పురుగు యాష్ చెట్లను తుడిచిపెట్టినప్పటి నుంచి కట్టెలను దూరాలకు మోసుకెళ్లవద్దని అధికారులు మొత్తుకుంటున్నారు. డిసెంబరులో చుట్టాలు వస్తున్నారు. మనవాడు ఇప్పుడు సూపర్ మార్కెట్టులో ప్లాస్టిక్ చుట్టిన ఎండు కట్టెల మోపు ధర చూస్తున్నాడు, దానితోపాటు తేమ కొలిచే మీటరు ధర కూడా.