బఫలో అభిమానుల లెక్కలో లేని మూడో సెంటర్

అమెరికాలోని బఫలో నగరంలో ఐస్ హాకీ అభిమానుల మధ్య 2021 నుంచి తెగని తగాదా ఒకటుంది. జాక్ ఐకెల్ మెరుగా, అతడి స్థానంలోకి వచ్చిన టేజ్ థాంప్సన్ మెరుగా? ఆ ఏడాది నవంబర్ 4న బఫలో సేబర్స్ జట్టు ఐకెల్‌ను వేగాస్ గోల్డెన్ నైట్స్‌కు ట్రేడ్ చేసింది, అంటే వేరే ఆటగాళ్లకు బదులుగా ఇచ్చేసింది. అదే సీజన్‌లో, ఖాళీ అయిన మొదటి సెంటర్ స్థానంలో ఆడిన థాంప్సన్ 38 గోల్స్ కొట్టాడు. అంతకు ముందు నేషనల్ హాకీ లీగ్‌లో 145 మ్యాచ్‌లు ఆడి అతడు చేసినవి మొత్తం 18 గోల్స్. ఇంతటి మార్పు కళ్లముందు కనిపించాక పోలిక పెట్టొద్దంటే అభిమాని వింటాడా?

పోలిక పెట్టడంలో తప్పు లేదు. తప్పల్లా ఆ పోలికతో ట్రేడ్ మంచిచెడ్డలు తేల్చేయడంలో ఉంది. ఎందుకంటే థాంప్సన్ ఐకెల్ ట్రేడ్‌లో వచ్చినవాడే కాదు.

హాకీ అంటే పచ్చిక మీద ఆడే ఆటే గుర్తొచ్చే మన పాఠకుల కోసం రెండు ముక్కలు. ఐస్ హాకీలో గోలీని పక్కన పెడితే మంచు మీద ఉండేది ఐదుగురే. ఇద్దరు డిఫెన్స్, ఇద్దరు వింగర్లు, మధ్యలో సెంటర్. ఆట ఆగి మళ్లీ మొదలైనప్పుడల్లా ఫేసాఫ్‌లో పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) కోసం పోటీపడేది సాధారణంగా సెంటరే. దాడిలో పాస్‌లు ఇవ్వాలి, పక్ పోగానే అందరికన్నా ముందు వెనక్కి పరుగెత్తి సొంత గోల్ ముందు కాపలా కాయాలి. వింగర్ గోల్స్ కొడితే చాలు, మిగతావి మన్నిస్తారు. సెంటర్‌కు ఆ వెసులుబాటు లేదు. అందుకే మంచి సెంటర్‌ను ఏ జట్టూ తేలిగ్గా వదులుకోదు. వదులుకుంటే ఆ చర్చ ఏళ్ల తరబడి సాగుతుంది.

ముందు అంకెల సంగతి. బఫలోలో ఐకెల్ ఆరు సీజన్లలో 375 మ్యాచ్‌లు ఆడి 139 గోల్స్, మొత్తం 355 పాయింట్లు సాధించాడు. హాకీలో గోల్‌కూ, గోల్‌కు దారితీసిన పాస్‌కూ తలా ఒక పాయింటు. ఒక్క సీజన్‌లో అక్కడ అతడి అత్యధికం 82. థాంప్సన్ 2022-23లో 47 గోల్స్‌తో 94 పాయింట్లకు చేరాడు. ఆ సీజన్‌లోనే డిసెంబర్ 7న కొలంబస్ మీద అతడి ఆట చూసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. తొలి పీరియడ్ ముగిసే లోపే నాలుగు గోల్స్, ఆ తర్వాత మరొకటి. ఆరడుగుల ఆరంగుళాల మనిషి అంత పొడవాటి కర్రతో పక్‌ను దగ్గరికి లాక్కుని, డిఫెన్స్ ఆటగాడి కాళ్ల సందు నుంచి కొడుతుంటే గోలీకి పక్ కనిపించేదే ఆలస్యంగా. పైగా అతడి జీతం ఏడాదికి 71 లక్షల డాలర్ల పైచిలుకు. ఐకెల్ అప్పటి ఒప్పందం ఏడాదికి కోటి డాలర్లు. జట్టు మొత్తం జీతాలకు లీగ్ గీత గీసి పెట్టిన ఆటలో ఆ తేడాతో మరో పనికొచ్చే ఆటగాణ్ని తెచ్చుకోవచ్చు.

ఇక్కడిదాకా థాంప్సన్ పక్షం వాదన బలంగానే ఉంది. ఆపై 2023 వచ్చింది. లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్‌ను వేగాస్ గెలిచింది. ఆ ప్లేఆఫ్స్‌లో 26 పాయింట్లతో అందరికన్నా ముందున్నవాడు ఐకెల్. బఫలోలో అతడు ఆడిన ప్లేఆఫ్ మ్యాచ్‌లు సున్నా. 2024-25లో వేగాస్ తరఫున 94 పాయింట్లు చేశాడు. ఆ పైన ఏడాదికి 1.35 కోట్ల డాలర్ల చొప్పున ఎనిమిదేళ్ల కొత్త ఒప్పందం అందుకున్నాడు. గోల్స్ కొట్టే చెయ్యి ఎవరిదంటే నేను థాంప్సన్ పేరే చెబుతాను. సెంటర్‌గా ఎవరు కావాలంటే మాత్రం రెండో ఆలోచన లేకుండా ఐకెల్. వేగాస్‌కు వెళ్లాక అతడు సొంత గోల్ ముందు పడిన శ్రమ బఫలోలో ఎన్నడూ కనబడలేదు. అది అతడిలో వచ్చిన మార్పా, అతడి చుట్టూ రక్షణలో దిట్టలైన మార్క్ స్టోన్, అలెక్స్ పియెట్రాంజెలో లాంటివాళ్లు ఉండటం వల్లనా అని అడిగితే రెండూ అనాలి. బఫలోలో ఆరు సీజన్లలో ముగ్గురు కోచ్‌ల కింద ఆడినవాడికి ఒక పద్ధతి అలవడే అవకాశం ఎక్కడిది?

బఫలో జనానికి అతడి మీదున్న కోపం మాత్రం ఆటకు సంబంధించింది కాదు. దాని వేళ్లు 2015లో ఉన్నాయి. ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో, కానర్ మెక్‌డేవిడ్ అనే కుర్రాడు రాబోతున్నాడు. లీగ్‌లో అట్టడుగున నిలిచే జట్టుకు అతణ్ని దక్కించుకునే అవకాశం ఎక్కువ. సేబర్స్ ఆ అట్టడుగు కోసమే జట్టును విప్పేసింది. ఆ మార్చి 26న సొంత మైదానంలో, అదనపు సమయంలో అరిజోనా గెలుపు గోల్ కొడితే బఫలో ప్రేక్షకుల్లో చాలామంది లేచి కేరింతలు కొట్టారు. తమ జట్టు ఓడినందుకు. అనుకున్నట్టే సేబర్స్ ఆఖరి స్థానంలో నిలిచింది, కానీ లాటరీలో మెక్‌డేవిడ్ ఎడ్మంటన్‌కు పోయాడు. బఫలోకు దక్కిన రెండో ఎంపిక ఐకెల్. ఓటమికి చప్పట్లు కొట్టి మరీ ఎదురుచూసిన వరం కాస్తా చేజారి, దాని పక్కనున్నది చేతికి వచ్చింది. ఆ బరువు ఆ కుర్రాడు అడిగి నెత్తికెత్తుకున్నది కాదు.

తర్వాత మెడ గాయం. 2021 మార్చిలో అతడి మెడలో డిస్క్ జారింది. కృత్రిమ డిస్క్ అమర్చే శస్త్రచికిత్స చేయించుకుంటానని ఐకెల్ అన్నాడు. అంతకు ముందు లీగ్‌లో ఆడుతున్న ఏ ఆటగాడూ దాన్ని చేయించుకోలేదు. జట్టు వైద్యులు ఒప్పుకోలేదు, ఎముకలను కలిపేసే పాత పద్ధతే మేలన్నారు. ఆటగాళ్ల సంఘంతో లీగ్ చేసుకున్న ఒప్పందం ప్రకారం చివరి మాట జట్టుదే. ఒక మనిషి మెడ మీద కత్తి ఎలా పెట్టాలో అతడి యజమాని తేల్చడమేమిటన్న ప్రశ్న అప్పుడు చాలామంది వేశారు. నాకూ ఆ నిబంధన ఇప్పటికీ మింగుడుపడదు. నెలలు గడిచాయి, సెప్టెంబర్‌లో కెప్టెన్సీ తీసేశారు, నవంబర్‌లో పంపేశారు. వేగాస్ అతడు కోరిన శస్త్రచికిత్సకే ఒప్పుకుంది. ఫిబ్రవరిలో అతడు మంచు మీదికి తిరిగొచ్చాడు.

2022 మార్చి 10న ఐకెల్ వేగాస్ జెర్సీతో బఫలోకు వచ్చాడు. పక్ అతడి కర్రకు తగిలిన ప్రతిసారీ మైదానమంతా ఈల వేసి గేలి చేసింది. సేబర్స్ 3-1తో గెలిచింది. చివర్లో ఖాళీ గోల్‌లోకి పక్ పంపి ఆట ముగించినవాడు అలెక్స్ టక్, ఐకెల్‌కు బదులుగా వేగాస్ నుంచి వచ్చినవాడు. ఊరికి అంతకన్నా పండగ ఏముంటుంది! ఈ మైదానం ఇంత గట్టిగా అరవడం తానెప్పుడూ వినలేదని, అందుకు ఏడేళ్లూ, తన నిష్క్రమణా అవసరమయ్యాయని మ్యాచ్ అయ్యాక ఐకెల్ ఎత్తిపొడిచాడు. ఆ నవంబర్‌లో మళ్లీ వచ్చి హ్యాట్రిక్ కొట్టి వెళ్లాడు. 2016లో కప్ తెచ్చిన డేవిడ్ వార్నర్‌ను సన్‌రైజర్స్ 2021లో పక్కన పెట్టిన తీరు గుర్తున్న హైదరాబాద్ అభిమానికి ఇలాంటి చేదు వివరించనక్కర్లేదు. తేడా ఏమిటంటే అక్కడ మనవాళ్లలో చాలామంది యాజమాన్యాన్ని తిట్టారు. బఫలో మాత్రం ఆటగాణ్నే తిట్టింది.

ఇప్పుడు మూడో సెంటర్ దగ్గరికి వద్దాం. అతడి పేరు రయాన్ ఓరైలీ. 2018 జులై 1న సేబర్స్ అతణ్ని సెయింట్ లూయిస్ బ్లూస్‌కు పంపేసింది. ఆ రోజున అతడికి 75 లక్షల డాలర్ల బోనస్ చెల్లించాల్సి ఉంది. ఓటములతో విసిగి ఆట మీద ప్రేమ పోతోందని సీజన్ చివర్లో అతడు నోరు జారాడు. అలాంటివాడు జట్టులో ఉంటే కుర్రాళ్లు చెడిపోతారన్న మాట కూడా గట్టిగానే వినిపించింది. బదులుగా వచ్చినవాళ్లలో ఇద్దరు నడివయసు ఆటగాళ్లు, రెండు డ్రాఫ్ట్ ఎంపికలు, థాంప్సన్ అనే పొడవాటి వింగర్. అవును, వింగర్.

ఏడాది తిరగకుండానే బ్లూస్ స్టాన్లీ కప్ గెలిచింది. ప్లేఆఫ్స్‌లో అత్యుత్తమ ఆటగాడికిచ్చే కాన్ స్మైత్ ట్రోఫీ ఓరైలీదే. రక్షణలో మేటి ఫార్వర్డ్‌కిచ్చే సెల్కీ ట్రోఫీ కూడా ఆ ఏడాది అతడే అందుకున్నాడు. అదే సీజన్‌లో థాంప్సన్ బఫలోలో 65 మ్యాచ్‌లకు 7 గోల్స్ చేశాడు. మరుసటి ఏడు ఒకే ఒక్క మ్యాచ్ ఆడి భుజం విరగ్గొట్టుకున్నంత పని చేసి శస్త్రచికిత్సకు వెళ్లాడు. అప్పట్లో బఫలోలో జరిగిన పోలిక ఓరైలీకీ థాంప్సన్‌కూ మధ్య. అందులో థాంప్సన్ పేరెత్తితేనే నవ్వేవాళ్లు. మూడేళ్లు తిరిగాక అదే మనిషిని అదే జనం ఐకెల్ పక్కన నిలబెట్టి మెచ్చుకున్నారు. ఓరైలీని అమ్మి తెచ్చిన సొమ్ముతో ఐకెల్ అమ్మకాన్ని సమర్థించడం అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టే కదా.

థాంప్సన్‌ను సెంటర్‌గా మార్చిన ఘనత కోచ్ డాన్ గ్రనాటోది. అందులో ముందుచూపు కొంత, గత్యంతరం లేకపోవడం కొంత. ఐకెల్ మెడ పట్టుకుని కూర్చుంటే, మంచు మధ్యలో నిలబెట్టడానికి మరొకరు కావాలి. ప్రయోగం ఫలించింది. ఫలించిన ప్రయోగాన్ని పథకమని చెప్పుకోవడం ఏ యాజమాన్యానికైనా అలవాటే. ఐకెల్ ట్రేడ్‌లో నిజంగా వచ్చినవి టక్, పేటన్ క్రెబ్స్, రెండు డ్రాఫ్ట్ ఎంపికలు. వేగాస్‌కు ఐకెల్‌తో పాటు ఒక మూడో రౌండ్ ఎంపిక వెళ్లింది. టక్ 2022-23లో థాంప్సన్ పక్కన ఆడుతూ 36 గోల్స్ కొట్టాడు. న్యాయంగా తూకం వేయాలంటే ఐకెల్ ఎదుట టక్‌ను పెట్టాలి, ఓరైలీ ఎదుట థాంప్సన్‌ను పెట్టాలి. ఆ తూకం చూడటానికి అంత ముచ్చటగా ఉండదు కాబట్టి ఎవరూ వేయరు.

వారసుడి అంకెలు ఎంత బాగున్నా ట్రేడ్ లెక్క తేలదనడానికి 1988 నాటి ఎడ్మంటన్ పెద్ద ఉదాహరణ. ఆ ఆగస్టు 9న ఆ ఊరి జట్టు ఆయిలర్స్, ఆట చరిత్రలోనే మేటిగా పేరున్న వేన్ గ్రెట్జ్‌కీని లాస్ ఏంజెలెస్‌కు అమ్మింది. వచ్చినవాళ్లలో జిమ్మీ కార్సన్ ఒకడు, ఇరవై ఏళ్ల సెంటర్, అప్పటికే ఒక సీజన్‌లో 55 గోల్స్ కొట్టిన ఘనుడు. ఎడ్మంటన్‌లో తొలి ఏడాదే 49 గోల్స్, సరిగ్గా 100 పాయింట్లు. అయినా ఊరు అతణ్ని గ్రెట్జ్‌కీ కానివాడిగానే చూసింది. ఆ ప్లేఆఫ్స్‌లో గ్రెట్జ్‌కీ కొత్త జట్టు ఏడు మ్యాచ్‌ల పోరులో ఎడ్మంటన్‌ను ఇంటికి పంపింది. మరుసటి సీజన్ మొదట్లోనే కార్సన్ ఇక ఆడనంటూ వెళ్లిపోయాడు. డెట్రాయిట్‌కు అతణ్నిచ్చి పీటర్ క్లీమా, ఆడమ్ గ్రేవ్స్, జో మర్ఫీలను తెచ్చుకుంటే, వాళ్లతో కలిసి 1990లో ఆయిలర్స్ మళ్లీ కప్ కొట్టింది. గ్రెట్జ్‌కీ అమ్మకం మంచిదేనని దాని అర్థమా? ఎడ్మంటన్‌లో ఇప్పటికీ ఎవరూ ఆ మాట అనరు. మార్క్ మెసియే లాంటి సెంటర్ అప్పటికే ఆ జట్టులో ఉన్నాడు. అసలు బలం అక్కడుంది.

బఫలోకు లేనిది అదే. 2010-11 తర్వాత 2024-25 దాకా వరుసగా 14 సీజన్లు ప్లేఆఫ్స్ మొహం చూడలేదు. లీగ్ చరిత్రలో ఇంత పొడవైన కరవు మరొకటి లేదు. థాంప్సన్ 47 గోల్స్ కొట్టిన 2022-23లో కూడా ఒకే ఒక్క పాయింటు తేడాతో బయట ఉండిపోయింది. మరోవైపు 2019లో ఓరైలీ, 2023లో ఐకెల్, 2024లో సామ్ రైన్‌హార్ట్ కప్ ఎత్తారు. ఫ్లోరిడాకు వెళ్లిన రైన్‌హార్ట్ ఏకంగా ఫైనల్ ఏడో మ్యాచ్‌లో గెలుపు గోల్ కొట్టాడు. ముగ్గురూ ఒకప్పుడు బఫలోలో ఒకే జట్టు జెర్సీ వేసుకుని, ఒకే కాలంలో ఆడినవాళ్లు. వీళ్లను చేతిలో పెట్టుకుని ఒక్కసారి కూడా ప్లేఆఫ్స్‌కు చేరని పెద్దలను నిలదీయకుండా వదిలేసి, వెళ్లినవాడూ వచ్చినవాడూ అంటూ ఇద్దరు ఆటగాళ్ల మధ్య పందెం పెట్టుకోవడం యాజమాన్యానికి హాయిగానే ఉంటుంది.

థాంప్సన్‌ను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 2025 మే నెలలో ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో స్విట్జర్లాండ్ మీద అదనపు సమయంలో ఏకైక గోల్ కొట్టి అమెరికాకు స్వర్ణం తెచ్చింది అతడే. ఆ సీజన్‌లో సేబర్స్‌కు 44 గోల్స్ కూడా చేశాడు. కానీ వాటిలో చాలా భాగం సెంటర్‌గా కాదు. కోచ్ లిండీ రఫ్ అతణ్ని తరచూ వింగ్‌లోకి జరిపాడు, అతడి సహజ స్థానంలోకి. అంటే ఐకెల్ ఖాళీ చేసిన చోటు మళ్లీ ఖాళీ.

ఆ ఖాళీ పూడ్చడానికని 2025 మార్చి 7న సేబర్స్ మరో ట్రేడ్ చేసింది. ఒకప్పుడు 31 గోల్స్ కొట్టిన సొంత సెంటర్ డిలన్ కోజెన్స్‌ను ఒటావాకు ఇచ్చి, అక్కడి సెంటర్ జాష్ నారిస్‌ను తెచ్చుకుంది. గాయంతో నారిస్ ఆ సీజన్‌లో బఫలోకు మూడు మ్యాచ్‌లే ఆడాడు. కోజెన్స్ ఏప్రిల్‌లో ఒటావా తరఫున ప్లేఆఫ్స్‌లో ఆడుతుంటే బఫలోలో కొత్త పోలిక అప్పటికే మొదలైంది.