బ్రేక్ బయాస్ నాబు గారికి బహిరంగ లేఖ

హైదరాబాద్.

మహారాజశ్రీ బ్రేక్ బయాస్ నాబు గారి దివ్య సముఖమునకు,

నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ ముందు చక్రాలు క్షేమం. వెనక చక్రాల సంగతి తమకే తెలియాలి. మొన్న ఆదివారం ఆఖరిసారి చూసినప్పుడు అవి నాకంటే ముందున్నాయి.

నేను తమరి డ్రైవర్ని. ఊరి చివర ఓ ఇంజనీరింగ్ కాలేజీలో, బస్సుల షెడ్డు వెనక, ఏడాదిగా రేసు కారు కడుతున్న పోరగాళ్లలో ఒకణ్ణి. కారు ఆగకపోతే తమరి తప్పు, తిరగకపోతే తమరి తప్పు, తిరగాల్సినదానికంటే ఎక్కువ తిరిగితే మరీ తమరి తప్పు అని మా టీములో ఏకగ్రీవ తీర్మానం. మాకేం, తమరు మాట్లాడరు కదా.

ఇంతకీ తమరి ఉద్యోగమేమిటి? బ్రేకు బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచడం. ఆ పంపకం పేరే బయాస్. పెడల్ ఒకటి, తొక్కితే బ్రేకు నూనెను చక్రాల వైపు తోసే మాస్టర్ సిలిండర్లు రెండు. ఒకటి ముందు బ్రేకులకు, ఒకటి వెనక వాటికి. మధ్యలో అడ్డంగా బ్యాలెన్స్ బార్. తమరి చెవి మెలిపెడితే ఆ బార్ మీద పెడల్ తోసే చోటు కాస్త పక్కకు జరుగుతుంది. ఏ సిలిండర్ దగ్గరకు జరిగితే దానికి వాటా పెరుగుతుంది. అంతే. అన్నదమ్ములకు పొలం పంచే పెద్దమనిషి కొలువు. పంచగలరే గానీ ఒక్క గుంట కూడా పెంచలేరు. టైరుకు పట్టులేని చోట తమరు పుట్టించేదేమీ లేదు. మేమేమో తమరి దగ్గరకు ఎకరాలు అడగడానికే వస్తాం.

పెద్దోడికి, అంటే ముందు చక్రాలకు, ఎక్కువ వాటా ఎందుకని మా జూనియర్ అడిగాడు. ఆర్టీసీ బస్సు సడన్ బ్రేకేస్తే నిలబడ్డవాళ్లంతా డ్రైవర్ వైపు పడతారు చూడు, అదే అన్నాను. వాడికి లెక్క కావాలట. సరే, 1000 కిలోల కారు, ముందు వెనక చక్రాల మధ్య 2.5 మీటర్లు, గరిమనాభి (బరువంతా కేంద్రమైన చోటు) నేల నుంచి 40 సెంటీమీటర్లు అనుకో. నిలబడినప్పుడు ముందు 500, వెనక 500. 1 జీతో, అంటే భూమి లాగేంత జోరుతో, ఆపితే 160 కిలోలు ముందుకు వాలతాయి, అంటే 660, 340. వానలో టైర్లు జారి 0.4 జీ దాటలేకపోతే వాలేది 64 కిలోలే, అప్పుడు 564, 436. అందుకే చినుకు పడగానే తమరిని వెనక్కి తిప్పుతారు. వాటా చిన్నోడి వైపు జరుగుతుంది.

పంపకం తప్పితే? పెద్దోడికి మరీ ఎక్కువిస్తే ముందు చక్రాలు బిగుసుకుపోయి, స్టీరింగ్ ఎటు తిప్పినా కారు నేరుగానే పోతుంది. పరువు పోతుంది. చిన్నోడికి ఎక్కువిస్తే తోక ముందుకొస్తుంది. అప్పుడు పోయేది పరువొక్కటే కాదు.

పెద్దపెద్దవాళ్లకే తప్పలేదు లెండి. 2021 జూన్ 6న బాకు ఫార్ములా వన్ రేసులో, ఇంకా రెండు ల్యాపులే ఉన్నాయనగా, అప్పటికే ఏడుసార్లు ప్రపంచ విజేత అయిన లూయిస్ హామిల్టన్ చెయ్యి పొరపాటున ఓ స్విచ్‌కు తగిలింది. ముందు బ్రేకులు వేడెక్కించడానికి బయాస్‌ను ముందుకు నెట్టేసే స్విచ్ అది. మొదటి మలుపులో కారు తిన్నగా వెళ్లిపోయింది. గెలుపు దాకా వచ్చినవాడు 15వ స్థానంలో తేలాడు. 2023 ఫిబ్రవరి 11న మన హుస్సేన్ సాగర్ ఒడ్డున తిరిగిన ఫార్ములా ఈ కరెంటు రేసు కార్లయితే వెనక మామూలు హైడ్రాలిక్ బ్రేకులు లేకుండానే తయారయ్యాయి. చిన్నోడి వాటా అంతా మోటారే చూసుకుంది. తమరి వంశం సాఫ్ట్‌వేర్‌లోకి మారిపోయింది. హైదరాబాద్‌లో అది కొత్తేం కాదు.

ఇక నా సంగతి. నాకు బండి నేర్పిన రోజున మా నాయన చెప్పిన మొదటి మాట, "ముందు బ్రేకు ముట్టకు బిడ్డా, పల్టీ కొడతవ్." మా గల్లీ మొత్తం నూటికి నూరు వెనక బయాసే. రెండు బ్రేకులూ కలిసి పడే ఏర్పాటో, చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్సో 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాకా ఉన్న కొత్త బండ్లన్నిటికీ తప్పనిసరి చేసింది మాలాంటివాళ్లను చూసే అయ్యుంటుంది.

ఆదివారం కోన్ల మధ్య తిప్పుతుంటే ముందు చక్రాలు జారాయి. "అన్నా, కారు తిరుగుతలేదు" అన్నాను. "రెండు చుట్లు వెనక్కి తిప్పు తమ్మీ" అన్నాడు సీనియర్. నేను నాలుగు తిప్పాను. పుట్టుకతో వచ్చిన బుద్ధి. మలుపులోకి బ్రేకు మీదే దిగి, రెండు గేర్లు ఒకేసారి తగ్గించాను. గేరు తగ్గిస్తే ఇంజనే చక్రాలను పట్టి ఆపబోతుంది. మా కారులో ఆ ఇంజన్ బ్రేకింగ్ పడేది వెనక చక్రాల మీదే కదా, తమరు ఇచ్చిన వాటాకు అది పైన. ఆ వాటా తమరి కాగితాల్లో ఉండదు. కారు గిరగిరా రెండు చుట్లు తిరిగి బస్సుల వైపు చూస్తూ ఆగింది.

దిగీదిగగానే "బయాస్ సరిగా లేదు" అన్నాను. క్షమించాలి. కాలు నాది.

మేం వెళ్లాల్సిన కాలేజీ రేసు కార్ల పోటీలో బ్రేక్ టెస్టు ఉంది. నాలుగు చక్రాలూ బిగుసుకోవాలి, కారు నేరుగా ఆగాలి. సీనియర్ అన్న ఐదు చుట్లు ముందుకు తిప్పి, రెండు వెనక్కి తెచ్చి, ఏదో గొణుక్కుని తమరి మీద నల్ల టేపు చుట్టేశాడు. ఊపిరాడకపోతే నన్ను తిట్టుకోకండి. అది నా చెయ్యి ఆనకుండా చుట్టింది.

ఇట్లు,
తమ విధేయుడు,
కాలు బరువు డ్రైవరు.