మెడికల్ అన్‌ఫిట్ సార్‌కు ఒక దరఖాస్తు

గౌరవనీయులైన అన్‌ఫిట్ సార్‌కు,

గోదావరిఖని నుంచి ఒక కోల్ ఫిల్లర్ (గనిల బొగ్గు ఎత్తి నింపేటోడు) కొడుకు నమస్కరించి రాయునది. వేరే ఊర్లల్ల మీరొస్తే ఏడుస్తరు, మా దగ్గర మాత్రం మీరు రావాలని సమ్మక్కకు ఎత్తు బంగారం మొక్కుతరు. ఎందుకంటే జబ్బుతోని బాపు పనికి అన్‌ఫిట్ అని తేలితే కొడుక్కు కంపెనీల నౌకరి వస్తది, అంటే బాపు అన్‌ఫిట్ అయితేనే కొడుకు ఫిట్. సింగరేణిల వారసత్వ ఉద్యోగాల స్కీమును 2017ల హైకోర్టు కొట్టేసినంక కారుణ్య నియామకాలని పేరు మారింది, ఇప్పుడు జబ్బు నిజమేనని మెడికల్ బోర్డు ముంగట తేలాలె.

కష్టం ఏడొచ్చిందంటే, మా ఇంట్ల మగోళ్లకు మీరంటే అస్సలు పడది. మా తాత తట్ట చెమ్మాస్ (బొగ్గెత్తే పార) కాలపోడు, కాలి మీద బండ పడితే గుడ్డ కట్టుకొని తెల్లారి ఫస్ట్ షిఫ్టుకు పోయిండట, ఆ ముచ్చట వందసార్లు చెప్పిండు గని కాలు నొచ్చిందని ఒక్కసారి చెప్పలే. బాపు అంతకన్న రెండాకులు ఎక్కువ చదివిండు. మోకాళ్లు అరిగినయ్, నడుము పోయింది, బ్లాస్టింగుల చప్పుడుకు ఒక చెవి సరిగ్గ వినవడది, నాలుగు మెట్లెక్కితే ఆయాసం, అయినా అడిగితే "నాకేంది, గుండు లెక్క ఉన్న" అంటడు. బొగ్గు బాయి అంటేనే మగోళ్ల రాజ్యం గద, 1952 మైన్స్ యాక్టు ఆడోళ్లను కిందికి దిగనియ్యలే, 2019లనే కొన్ని పనులకు సడలించిర్రు (మా అమ్మ దిగుంటే మొదటి రోజే "నడుము నొస్తుంది" అని యూనియన్ పెట్టేది).

ఇగ నా సంగతి. బాపు దగ్గితే అమ్మకు భయం, నాకు ఆశ. నౌకరికి నా ఏజ్ లిమిట్ దగ్గరపడుతున్న కొద్దీ ఆయన ఎక్స్‌రేలు నేనే ఫైలు చేస్తున్న, ఇసొంటి కొడుకును తయారు చేసిన ఘనత మీదే సార్.

ఇంత చేసి బోర్డు ముంగటికి తోలుకపోతే, డాక్టరు "ఎట్లుంది పెద్దాయనా ఆరోగ్యం" అనంగనే మావోడు ఛాతీ ఇరిసి "మీ దయ సార్, మంచిగున్న" అన్నడు. లేవనీకి చెయ్యి అందిస్తే అది గూడ వద్దని ఒక్క ఊపుల లేచి నిలబడ్డడట. ఫిట్ అని రాసిచ్చిర్రు, ఇగ వాళ్లు మాత్రం ఏం చేస్తరు.

మళ్ల అప్లికేషన్ పెట్టుకున్నం. ఇంట్ల రోజూ ప్రాక్టీసు నడుస్తుంది, అమ్మ డాక్టరు, నేను కాంపౌండరు. "నొస్తుంది అను" అంటే బాపు అటిటు చూసి "ముందుగల తలుపు పెట్టుర్రి, పక్క క్వార్టరోళ్లు వింటరు" అంటున్నడు.

ఇట్లు,
మీ రాక కోసం ఎదురుచూసే డిపెండెంటు