సవరణ: గౌను మీద గుడ్డ బొమ్మలు

పాత చీర ముక్కలతో ఏనుగు, మామిడిపిందె కత్తిరించి పిల్లల బట్టల మీద కుట్టుకునే పద్ధతి గురించి రాసిన టపాకు ఈ వివరణ. గుడ్డను ముందే తడిపి ఆరబెట్టాలని అందులో రాసింది కొత్త నూలు గుడ్డకే. అది మొదటి ఉతుకులో కుంచించుకుపోయి, బొమ్మ చుట్టూ గౌను ముడతలు పడుతుంది. పాత చీరకు ఆ బాధ లేదు. ఎర్ర ముక్క అయితే మాత్రం రంగు దిగుతుందేమో చూడండి. టీషర్టు సాగుతుంది కాబట్టి లోపలివైపు పలుచని గుడ్డ ఆసరా ఉండాలి.

బొమ్మ కళ్లకు గుండీలు కుట్టవచ్చని అందులో రాసింది బడి ఈడు పిల్లల బట్టలకే. మూడేళ్ల లోపు వారు పీకి నోట్లో పెట్టుకుంటారు, గొంతుకు అడ్డం పడుతుంది. వారికి దారంతోనే కళ్లు కుట్టండి.

జిగురుతో అంటిస్తే చాలదా అని కొందరు అడిగారు. చాలదు, నాలుగు ఉతుకులకే అంచు లేస్తుంది. చుట్టూ కాజా కుట్టు (గుండీ కన్నం అంచుకు వేసే కుట్టు) వేయండి.