అందరూ సంతకం చేసి, ఎవరూ చదవని పత్రం గారికి

గౌరవనీయులైన రసాయన భద్రతా సమాచార పత్రం గారికి,

నమస్కరించి వ్రాయునది. ప్రతి రసాయనంతోనూ తయారీదారు పంపే, దాని ప్రమాదాలనూ జాగ్రత్తలనూ చెప్పే కాగితాలు మీరు. మీరు క్షేమమని తలుస్తాను. క్షేమంగా లేకపోవడానికి కారణం కూడా లేదు, ఎందుకంటే మా పనిచోట మీరు ఉండేది ప్లాస్టిక్ కవరులో, ఆ కవరు ఉండేది ఫైల్లో, ఫైలు ఉండేది బీరువాలో, బీరువా తాళంచెవి ఉండేది సాయంత్రం ఐదింటికి ఇంటికి వెళ్లిపోయే మనిషి జేబులో. రాత్రి షిఫ్టులో ఎవరి కంట్లోనైనా ఏదైనా చిందితే, తెల్లవారేదాకా ఓపిక పట్టమని ఆ కంటికే నచ్చజెప్పుకోవాలి. ఇంగ్లీషు పేరును పొట్టిచేసి పాతవాళ్లు మిమ్మల్ని ఎంఎస్‌డీఎస్ అంటారు, కొత్తగా చేరినవాళ్లు ఎస్‌డీఎస్ అంటారు, తక్కిన అందరూ ‘ఆ ఫైల్లో కాగితాలు’ అంటారు. పూర్తి పేరుతో మిమ్మల్ని పలకరించిన మొదటివాణ్ని బహుశా నేనే.

మీది గొప్ప వంశం. ఒకే డ్రమ్ము ఒక దేశంలో విషంగానూ, సరిహద్దు దాటాక మామూలు సరుకుగానూ చలామణీ అయిన రోజుల్లో, అన్ని దేశాలకూ ఒకే వర్గీకరణ, ఒకే తీరు లేబుళ్లు ఉండాలని 1992లో రియో డి జనీరోలో జరిగిన ధరిత్రీ సదస్సు కోరింది. పదేళ్ల చర్చల తర్వాత 2002లో ఐక్యరాజ్యసమితి కమిటీ ఆ ఏర్పాటును ఆమోదించింది. మరుసటి ఏడాది అది జీహెచ్‌ఎస్ (గ్లోబల్లీ హార్మొనైజ్డ్ సిస్టమ్) పేరుతో పుస్తకంగా వెలువడింది. మీకున్న 16 విభాగాల వరుస దాన్ని పాటించే ఏ దేశానికి వెళ్లినా అదే. ఈ ఒక్క సుగుణానికి నేను మీకు నిజంగానే రుణపడి ఉన్నాను: సరుకు ఎవరు తయారుచేసినా, ప్రథమ చికిత్స 4లోనే, మంటలార్పడం 5లోనే, ఒలికితే ఏం చేయాలో 6లోనే, ఏం తొడుక్కోవాలో 8లోనే, దేనితో కలపకూడదో 10లోనే దొరుకుతాయి. ఇంటి నంబరు ఇంత చక్కగా చెప్పిన మీరు, తలుపు తట్టినప్పుడు మాత్రం ముఖం చాటేస్తారు.

8వ విభాగం తలుపే తడదాం. ‘తగిన చేతి తొడుగులు ధరించండి’ అని అక్కడ ఉంటుంది. ఏవి తగినవో తెలియకే కదా మీ దగ్గరికి వచ్చాం! వైద్యుడి దగ్గరికి వెళ్తే ‘తగిన మందు వేసుకోండి’ అని చీటీ రాసిచ్చినట్టుంది ఇది. మా స్టోర్సులో దొరికేవి నీలం రంగు నైట్రైల్ (ఒక రకం కృత్రిమ రబ్బరు) గ్లౌజులు. నూనెలకూ గ్రీజుకూ అవి బాగానే ఆగుతాయి, పెయింట్లను కరిగించే అసిటోన్‌కు మాత్రం ఎక్కువసేపు ఆగవు, దానికి బ్యూటైల్ రబ్బరు కావాలి. మీ జాతిలో ఉత్తములు లేకపోలేదు: తొడుగు ఏ పదార్థంతో చేసినదై ఉండాలో, ఎంత మందం ఉండాలో, రసాయనం అందులోంచి ఎన్ని నిమిషాలకు ఇవతలికి వస్తుందో మూడూ రాసే పత్రాలను నేను చూశాను. తక్కినవారికి ఆ ‘తగిన’ అనే మాట ఒక కవచం, చేతికి కాదు, తయారీదారుకు.

ఈ ఒక్కచోట మాత్రం వ్యంగ్యం పక్కన పెడతాను. 1996 ఆగస్టులో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో కారెన్ వెటర్‌హాన్ అనే రసాయన శాస్త్ర ఆచార్యురాలి చేతి తొడుగు మీద డైమిథైల్ మెర్క్యురీ అనే పాదరసపు విషద్రవం చుక్కలు పడ్డాయి. విషలోహాల మీదే పరిశోధన చేసిన మనిషి, అజాగ్రత్త అనడానికి వీల్లేదు. తొడుక్కున్నవి లేటెక్స్ గ్లౌజులు. ఆ ద్రవం అలాంటి తొడుగులోంచి క్షణాల్లో దాటిపోతుందని ఆ తర్వాత చేసిన పరీక్షల్లో తేలింది. లక్షణాలు బయటపడడానికి నెలలు పట్టింది, 1997 జూన్‌లో ఆవిడ మరణించారు. ఆ స్థాయి మనిషికే తొడుగు ద్రోహం చేసినప్పుడు, స్టోర్సులో ఇచ్చినదేదో తొడుక్కునే మావంటివారికి ‘తగిన’ అనే ఒక్క విశేషణం సరిపోతుందని ఎలా అనుకున్నారు?

ఇక మీ అంకెల సంగతి. మాకు చిన్నప్పటినుంచి తెలిసిన లెక్క ప్రకారం అంకె పెరిగితే తీవ్రత పెరగాలి. మీ వర్గీకరణలో 1వ కేటగిరీ అంటే అన్నిటికంటే ప్రమాదకరం, 4 అంటే కాస్త నయం. అదే డ్రమ్ము మీద అమెరికా అగ్నిరక్షణ సంఘం వారి నాలుగు రంగుల ఎన్‌ఎఫ్‌పీఏ గుర్తు కూడా అంటించి ఉంటే, దాని లెక్కలో 0 నిరపాయం, 4 ప్రాణాంతకం. ఒకే డ్రమ్ము ఎదుట నిలబడి, కుడివైపు స్టిక్కరు ప్రకారం ఒకటికి భయపడాలో, ఎడమవైపు స్టిక్కరు ప్రకారం నాలుగుకు భయపడాలో తేల్చుకునేలోపు షిఫ్టు అయిపోతుంది. 11వ విభాగంలోని ఎల్‌డీ 50 మరీ విచిత్రం: ఇచ్చిన జంతువుల్లో సగం చనిపోయే మోతాదు అది, కాబట్టి ఆ అంకె ఎంత చిన్నదైతే విషం అంత ఘాటు. పెద్ద అంకె చూసి బెదిరిపోయి, చిన్న అంకె చూసి ఊపిరి పీల్చుకున్న అమాయకుల్లో నేనూ ఒకణ్ని. ఎర్ర అంచు గళ్లలోని బొమ్మల్లో పుర్రెను చూస్తే అందరికీ భయమే. ఛాతీ మీద నక్షత్రం పగిలినట్టున్న మనిషి బొమ్మను మాత్రం మా వాళ్లు చాలాకాలం ఏదో పతకం అనుకున్నారు. క్యాన్సర్లు, అవయవాలు చెడిపోవడం వంటి నెమ్మది మరణాల గుర్తు అదని చెప్పాక, ఆ డబ్బాను ముట్టుకునే తీరు మారింది.

మీరు అబద్ధం ఆడరు, అది ఒప్పుకుంటాను. నిజాన్ని రెండు ముక్కలు చేసి దూరదూరంగా దాచిపెడతారు, అంతే. అసిటోన్ పత్రం 9వ విభాగంలో ‘ఫ్లాష్ పాయింట్: మైనస్ 20 డిగ్రీలు’ అని ఒక వరుస, మరికొన్ని వరుసల కింద ‘ఆవిరి సాంద్రత: 2.0’ అని ఇంకొక వరుస ఉంటాయి. ద్రవం కాదు, దాని ఆవిరి మండుతుందనీ, ఆ ఆవిరి అంటుకునేటంతగా పుట్టడానికి మైనస్ 20 డిగ్రీలే చాలు గనుక మేము పనిచేసే ఏ గదిలోనైనా అది ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుందనీ, గాలికంటే రెండింతలు బరువు గనుక నేల వెంబడి పాకుతూ దూరాన ఉన్న నిప్పురవ్వ దగ్గరికి అదే నడిచి వెళ్తుందనీ ఆ రెండు అంకెలకూ అర్థం. మా దగ్గర ఒకసారి మూత తీసిన అసిటోన్ డబ్బాకు పది అడుగుల దూరంలో వెల్డింగుకు ఏర్పాట్లు చేస్తుంటే, ‘దూరంగానే ఉంది కదా’ అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ రోజు మమ్మల్ని కాపాడినది మీరు కాదు; డబ్బా తెరిచి ఉంటే చూడలేక మూత బిగించే అలవాటున్న ఒక పెద్దాయన.

10వ విభాగంలోని దాపరికం దీనికంటే పెద్దది. బ్లీచింగ్ ద్రావణం తాలూకు పత్రంలో ‘కలపకూడనివి: ఆమ్లాలు’ అని ఉంటుంది. మరకలు వదిలించే ద్రావణం తాలూకు పత్రంలో ‘కలపకూడనివి: హైపోక్లోరైట్లు’ అని ఉంటుంది. ఈ రెండు పత్రాలూ ఒకే ఫైల్లో ఎదురెదురు పుటల్లో, పగవాళ్లను పక్కపక్కన కూర్చోబెట్టినట్టు ఉంటాయి. బ్లీచింగ్ ఇంటిపేరు హైపోక్లోరైట్, మరకల ద్రావణం ఇంటిపేరు ఆమ్లం. ఒకరినొకరు పేరు పెట్టి పిలవరు, ఇంటిపేరుతోనే తిట్టుకుంటారు. నేల కడిగే మనిషికి తెలిసింది సీసాల రంగులు. రెండు సీసాలూ ఒకే బకెట్లో కలిసి క్లోరిన్ వాయువు లేచినప్పుడు, పత్రం ముందే హెచ్చరించిందని దర్యాప్తు నివేదికలో రాస్తారు. హెచ్చరించిన మాట నిజమే, ఎవరినన్నదే ప్రశ్న.

3వ విభాగంలోని ‘వ్యాపార రహస్యం’ గురించి ఎక్కువ చెప్పను. ఒక పదార్థం పేరు దాచి, ‘10 నుంచి 30 శాతం’ అని మాత్రం చెప్పడం కొన్ని దేశాల్లో చట్టప్రకారం చెల్లుతుంది; కానీ ఆసుపత్రిలో వైద్యుడు ‘ఏం మింగాడు?’ అని అడిగితే, ‘వ్యాపార రహస్యం’ అని జవాబిచ్చే ధైర్యం మాకు లేదు. ‘సమాచారం అందుబాటులో లేదు’ అనే మాటను కూడా మీరు కొంచెం పొదుపుగా వాడితే బాగుండును. అది ‘పరీక్షించలేదు’ అని మీ భావం, ‘హాని లేదు’ అని మా చదువు.

మరోవైపు, చెప్పనవసరం లేనిచోట మీ ఉత్సాహం చూడముచ్చటగా ఉంటుంది. శుద్ధజలానికి కూడా పత్రం ఉంది. కంట్లో పడితే వెంటనే పుష్కలంగా నీటితో కడగమని అందులో ఉండడం నేను కళ్లారా చదివాను. 16 విభాగాలూ నింపాలన్న నియమం ఒకటుంటే, నీళ్లు కూడా నేరస్థుల వరుసలో నిలబడక తప్పదు. తీరా యాసిడ్ పత్రం తెరిచేసరికి అదే గొంతు, అవే వాక్యాలు. ఏది బెదిరింపో ఏది మర్యాదో తెలియదు.

తప్పంతా మీదేనని అనను. ఉద్యోగంలో చేరిన మొదటి రోజునే, ఇరవై నిమిషాల్లో, దాదాపు నాలుగు వందల పుటలకు కలిపి ‘చదివి అర్థం చేసుకున్నాను’ అనే గడిలో నేను సంతకం చేశాను. మీరు ఉన్న భాష వేరు, నేను పనిచేసే భాష వేరు. ఐరోపా దేశాల్లో సరుకు అమ్మే దేశపు అధికార భాషలోనే మిమ్మల్ని ఇవ్వాలన్న నియమం ఉందని ఆ తర్వాత చాలాకాలానికి తెలిసింది. అర్థం కాలేదని చెప్పడానికి మాత్రం ఆ రిజిస్టరులో గడి లేదు.

అందుకే ఈమధ్య ఒక సాహసం చేశాను. కొత్త డ్రమ్ము వచ్చిన ప్రతిసారీ మీలోని 2, 4, 8, 10 విభాగాలు మాత్రం శ్రద్ధగా చదివి, మా భాషలో ఒక అట్టముక్క మీద నాలుగు వరుసలు రాసి డ్రమ్ముకు వేలాడదీశాను: ఇది ఏం చేస్తుంది, ఒంటి మీద పడితే ఏం చేయాలి, ఏ గ్లౌజు, ఏ సీసా దగ్గర పెట్టకూడదు. మనుషులు ఆగి చదవడం మొదలుపెట్టారు. ఒకరు నైట్రైల్ తీసేసి బ్యూటైల్ అడిగారు, స్టోర్సువారు ఆశ్చర్యపోయారు.

గత నెలలో ఆడిట్ జరిగింది. బీరువాలోని మీ ఫైలు నిర్దుష్టంగా ఉందని మెచ్చుకున్నారు. నా అట్టముక్కకు డాక్యుమెంటు నంబరు లేదనీ, సవరణ తేదీ లేదనీ, అధీకృత అధికారి ఆమోదం లేదనీ లోపం రాశారు. ఇప్పుడు అన్నీ సమకూర్చాం. నంబరు వచ్చింది, తేదీ వచ్చింది, నాలుగు వరుసలు రెండు పుటలయ్యాయి, తడవకుండా ప్లాస్టిక్ కవరు కూడా ఇచ్చారు. అడుగున ‘చదివి అర్థం చేసుకున్నాను’ అనే గడి చేరింది, నిన్నటికి అందరూ సంతకాలు చేశారు.

ఇట్లు,
మీ విధేయుడు,
రిజిస్టరులో ఏడో వరుసలోని సంతకం